పుదీనా తొట్టికి దొంగ నంబరా?

మీ ఇంట్లో పెళ్ళినాటి స్టీలు బేసిను ఒకటి ఉండే ఉంటుంది. ఇది చదవడం ఒక్క నిమిషం ఆపి దాన్ని బోర్లించి చూడండి. అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంటుంది. మొదటిది బేసినుతో పాటే పుట్టింది. రెండోది కొన్న తరువాత, "పేరు కొట్టాలాండీ?" అని అడిగి, కొట్టు అరుగు మీద కూర్చున్న కుర్రాడు టకటకా కొట్టి ఇచ్చింది. మా ఇంట్లో ఒక బేసిను మీద "కామేశ్వరి" అని ఉంది. మా ఇంటా వంటా కామేశ్వరి అనే మనిషి లేదు. ఏ పెళ్ళిలోనో గిన్నెలు తారుమారై మా వంటింట్లో చేరి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇప్పుడా బేసిను నాదేనని లోకానికి చాటాలంటే ఏం చెయ్యాలి? కామేశ్వరిని గీకేసి, నా పేరు కొట్టించుకోవాలి. ఛీ, సిగ్గుమాలిన పని అంటారు కదూ? నేనూ అదే అంటాను. బేసిను దగ్గర సిగ్గుమాలిన పని ఇంజను దగ్గరకి వచ్చేసరికి తెలివైన వ్యాపారం ఎలా అవుతుందో నాకు బోధపడక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇంజన్ల సంగతి కథలు రాసుకునే దానికెందుకు అనుకుంటున్నారేమో. మా అన్నయ్యా అదే అన్నాడు. "బి.ఏ.లో నీకు చెప్పింది చరిత్రా, తెలుగూనూ. బ్లాకు గురించి నీకేం తెలుసే?" అన్నాడు. చరిత్ర చదివినదాన్ని కనకనే వచ్చిన గొడవ ఇది. సాక్ష్యాన్ని చెరిపేసి కథను నిలబెడతానంటే చరిత్ర చదివిన మనిషి ఊరుకోలేదు.

మాది మాకవరపాలెం. తాళ్ళపాలెం నుంచి నర్సీపట్నం వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. విశాఖ జిల్లాలో పుట్టి, 2022 ఏప్రిల్‌లో గడప దాటకుండానే అనకాపల్లి జిల్లాకు వలస పోయినవాళ్ళం. మా తాతగారు ఏజన్సీ నుంచి చింతపండు తెప్పించి అమ్మేవారు. చింతపల్లి ఘాటీ ఎక్కి దిగడానికి ఆయనకో జీపు ఉండేది. ఇప్పటికీ ఉంది, పశువుల సాల పక్కన తాటాకు పాక కింద.

ఆ జీపుకి మా ఇంట్లో ఒక పురాణం ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులేసిన రోజున ఆ జీపు హార్బరు గేటు దగ్గర ఉందట. బాంబు ముక్క ఎగిరొచ్చి తగిలితే ముందు బంపరు సొట్టపడిందట. యుద్ధం అయిపోయాక వేలంలో మా తాతగారు కొన్నారట. చిన్నప్పుడు మేము ఆ సొట్టలో వేలు పెట్టి, ఇక్కడే జపాను బాంబు తగిలింది అని తోటి పిల్లలకి చూపించి, ఒక్కో చూపుకి ఒక్కో జీడిపప్పు వసూలు చేసేవాళ్ళం.

1980లలో పెట్రోలు భరించలేక మా నాన్నగారు ఆ జీపులోంచి పెట్రోలు ఇంజను దింపించి డీజిలుది పెట్టించారు. ఏజన్సీలో జీపున్న చాలామంది చేసిన పనే అది. తలా తోకా పీకేసిన పాత ఇంజను బ్లాకు, అంటే ఇంజను అసలు మొండెం, నాలుగు రంధ్రాల ఇనుపదిమ్మ, నూతి పళ్ళెం పక్కన పడి ఉండేది. మా అమ్మ ఆ నాలుగు రంధ్రాల్లో పెరటిమట్టి నింపి పుదీనా వేసింది. ఒక్కో రంధ్రం మూడంగుళాల చిల్లర వెడల్పు. ఎండ పొద్దు తిరిగితే నూతి నీళ్ళు దానికే. నలభై ఏళ్ళుగా మా ఇంటి పుదీనా పచ్చడి ఆ ఇంజను ధర్మమే.

మొన్న వేసంగిలో అన్నయ్య జీపు అమ్మేస్తానన్నాడు. ముందు పాతిన్ప సామాను కొనేవాడొచ్చి కాటా లెక్క చెప్పాడు. జీపూ, పుదీనా తొట్టీ కలిపి కిలో ఇంతని. అతనిది నిజాయితీ గల బేరం, అతని మీద నాకేం కోపం లేదు. ఆ తరువాత వచ్చాడు రెండో ఆయన. ఎర్రగా, పొడుగ్గా, సెంటు వాసనతో. పాత బళ్ళు వెతికి పెద్ద ఊళ్ళ ఆసాములకి కుదిర్చే మధ్యవర్తి. పాకలో జీపు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, పుదీనా తొట్టి దగ్గర గొంతుక్కూచుని, "ఇది పెట్రోలు బ్లాకు కదండీ! బంగారం లాంటి వస్తువుని కుండీ చేశారేమిటండీ!" అన్నాడు. ఆ మాటకి అన్నయ్య మొహం మతాబా అయింది.

తరువాత పాత ఆర్.సి. పుస్తకం తిరగేశాడు. అందులో మొదటి పేజీలో విల్లీస్ జీపు, 1942 అని, ఇంజను నంబరు ఎం.బి. అక్షరాలతో మొదలై ఓ ఆరంకెలూ ఉన్నాయి. బ్లాకు ముందు భాగంలో, ఆయిలు ఫిల్టరు బిగించే చోటు వెనక, చదునుగా ఉన్న జాగాలో తుప్పు గోకి చూశాడు. పెదవి విరిచాడు. "నంబరు కలవడం లేదండి. ఫరవాలేదు. రెండు గంటల పని. ఇక్కడ మిషను పెట్టి చదును చేసి, పుస్తకంలో ఉన్న నంబరు గుద్దించేస్తాను. పక్కనున్న పోత అక్షరాలు కూడా గ్రైండరుతో లేపేస్తే ఎవరికీ అనుమానం రాదు. రేటు రెట్టింపు," అన్నాడు. టిఫిను పెట్టడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "మేడమ్ గారూ, కాఫీ కొంచెం స్ట్రాంగుగా," అని కూడా అన్నాడు.

కాఫీ ఇచ్చాను. స్ట్రాంగుగానే ఇచ్చాను. ఆయన వెళ్ళిపోయాక ఆ పోత అక్షరాలేమిటో చూడాలనిపించింది.

చూడటం పెద్ద విద్యేం కాదు, కొంచెం ఓపిక చాలు. నర్సీపట్నంలో తాతగారి కాలం నుంచి తెలిసిన ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఫోను చేస్తే, "అమ్మా, ఉలీ సుత్తీ ముట్టుకోకండి. గ్రైండరు అసలే వద్దు. కిరసనాయిలు గుడ్డ రాత్రంతా కప్పి ఉంచండి. పొద్దున్న ఇత్తడి బ్రష్షుతో మెల్లగా తోమండి, దేవుడి సామాను తోమినట్టు," అన్నాడు. దేవుడి సామాను తోమడం మనకొకరు నేర్పాలా! మర్నాటికి తుప్పు విడిచింది. ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాల మీద సుద్దముక్కని అడ్డంగా రాస్తే అవి మాత్రం తెల్లబడి పైకి తేలాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్ళం చూడండి, అదీ చేశాను. తుప్పు తిన్న చోట మూడూ ఎనిమిదీ ఒకలాగే ఉంటాయి, ఆరూ సున్నా కవలపిల్లలు. అందుకని సుద్దతో ఒకసారి, కాగితంతో ఒకసారి, పక్కనుంచి టార్చిలైటు వేసి ఇంకోసారి చదవాలి. మూడు చదువులూ ఒకటైతేనే రాసుకోవాలి.

నా కాగితం మీద వచ్చింది ఇది: జి.పి.డబ్ల్యు. 6015.

ఇక్కడ రెండు రకాల నంబర్ల తేడా చెప్పాలి. తగువంతా అక్కడే ఉంది. బ్లాకు చెయ్యడానికి ముందు కర్రతోనో లోహంతోనో దాని నమూనా చేస్తారు. అక్షరాలు ఆ నమూనా మీదే ఉంటాయి. దాన్ని ఇసుకలో అదిమితే అచ్చు పడుతుంది. అచ్చులో కరిగిన ఇనుము పోస్తే అక్షరాలతో సహా బ్లాకు తయారవుతుంది. ఇది పోత నంబరు. ఉబ్బెత్తుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. ఆ నమూనాతో పోసిన ప్రతి బ్లాకుకీ అదే నంబరు. కజ్జికాయల అచ్చు లాంటిదనుకోండి. ఏ అచ్చులో వత్తారో కజ్జికాయ అంచు చూసి చెప్పవచ్చు, అది ఏ పిల్లాడి వాటాకి వచ్చిందో చెప్పలేము. ఇక రెండోది, ఇంజను పూర్తయ్యాక చదునైన చోట ఉక్కు పోగరతో గుద్దే నంబరు. ఇది లోపలికి దిగి ఉంటుంది. ఇది ఒక్కో ఇంజనుకి ఒక్కటి. ఆర్.సి. పుస్తకంలోకి ఎక్కేది ఇదే. కంపెనీ ముద్రా, కామేశ్వరీ అన్నమాట.

జి.పి.డబ్ల్యు. అనేది ఫోర్డు కంపెనీ వారి గుర్తు. జి అంటే గవర్నమెంటు, పి అంటే ఎనభై అంగుళాల చక్రాల ఎడం ఉన్న బండికి వాళ్ళు పెట్టుకున్న అక్షరం, డబ్ల్యు అంటే విల్లీస్ నమూనా. 1941లో అమెరికా సైన్యం జీపులు చెయ్యమని విల్లీస్ వారికి ఆర్డరిచ్చింది. అవసరం పెరిగి, వాళ్ళ చేతివాటం చాలక, అవే నక్షాలతో ఫోర్డు వారిని కూడా చెయ్యమంది. ఇద్దరూ కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షల పైచిలుకు జీపులు చేశారు. ఒకరి సామాను ఇంకొకరి బండికి అతికేలా చేశారు. కాని ఫోర్డు వారు అత్తారింటికి పంపే సామాను మీద పేర్లు కొట్టించే పుట్టింటివారిలాంటివాళ్ళు. బోల్టు తలల మీద కూడా తమ ఎఫ్ అక్షరం ముద్ర వేసుకున్నారు. విల్లీస్ వారి యుద్ధకాలపు బ్లాకు మీద ఉండే పోత నంబరు 638632. మా పుదీనా తొట్టి మీద అది లేదు. కాబట్టి ఈ బ్లాకు ఫోర్డుది. పుస్తకంలో ఉన్న విల్లీస్ ఇంజను ఇది కాదు.

అన్నయ్యకి చెబితే, "అయితే మన జీపు ఫోర్డుదన్నమాట!" అని ఎగిరాడు. కాదు. బ్లాకు తన గురించే చెబుతుంది, బండి గురించి పూచీ పడదు. పోత నంబరు చదవడం మొదలుపెట్టిన వాళ్ళందరూ చేసే మొదటి పొరపాటు ఇదే. బండి సంగతి బండినే అడగాలి. పాకలోకి వెళ్ళి రేడియేటరు కింద వంగి చూశాం. చాసీ ముందు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టం. ఫోర్డు వారిదైతే బోర్లించిన దోనెలాగా ఉంటుంది. అంటే చాసీ విల్లీస్‌దే. ముందు జాలీలో తొమ్మిది చీలికలున్నాయి. యుద్ధం తరువాత మామూలు జనం కోసం చేసిన జీపులకి ఏడే. కనక మొహం చూస్తే యుద్ధపు జీపే. అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు. ఆ తొమ్మిది చీలికల రేకు జాలీ మొదట ఫోర్డు వారు చేసింది. విల్లీస్ వారు అంతకు ముందు ఇనుపకమ్మీలు అతికిన జాలీ పెట్టేవారు, 1942లో ఈ రేకు జాలీకి మారారు. ఆ ఏడాది మొదటి నెలల్లో అమెరికాలో మారిన జాలీ, సముద్రాలన్నీ దాటి ఏప్రిల్ 6 నాటికి విశాఖపట్నం హార్బరు గేటు దగ్గరికి ఎలా వచ్చి నిలబడుతుంది? జాలీ తరువాతెప్పుడో మార్చారని వాదించవచ్చు, నేనూ కాదనను. కాని బాంబు కథకి కాళ్ళు వణకడం మొదలైంది.

అప్పుడు మా అమ్మ, పుదీనా తొట్టిని మేము తిరగేసినందుకు ముటముటలాడుతూ, పీకిన వేళ్ళని తడిగుడ్డలో చుడుతూ అంది: "ఆ ఇంజను విశాఖపట్నం నుంచి వచ్చిందే కదర్రా. నేను కాపరానికొచ్చిన మరుసటేడు. ఘాటీ రోడ్డులో జీపు ఇంజను పట్టేసింది. మీ తాతగారు పాత సామాన్ల వాడి దగ్గర ఇంకో ఇంజను కొని లారీలో తెచ్చారు. మూడు రోజులు పెరట్లోనే బిగించారు. ఐదుగురు మనుషులు. ముగ్గురు శాకాహారులు, ఇద్దరు కాదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అన్నాడు అన్నయ్య.

"నన్నెవరడిగారు?"

"మరి బంపరు మీద బాంబు సొట్ట?"

"బాంబూ లేదు, గీంబూ లేదు. మీ నాన్న కొత్తగా డ్రైవింగు నేర్చుకుంటూ చింతచెట్టుని గుద్దారు. నేను పక్కనే కూచున్నాను. ఈ కణత మీద మచ్చ దేనిదనుకున్నారు?"

యాభై ఏళ్ళ పైచిలుకు మా ఇంటి చరిత్ర మా అమ్మ కణత మీద ఉంది. మేమేమో బంపరు మీద వేళ్ళు పెట్టి జీడిపప్పు తిన్నాం.

సరే, ఇక అసలు తగువులోకి వస్తాను. మధ్యవర్తిగారి వాదం, దానికి అన్నయ్య తలూపిన వాదం ఇది: "కొనేవాడికి కావలసింది కాగితంలో నంబరూ ఇనుం మీద నంబరూ ఒకటవడం. అందరూ చేస్తున్నదే. ఎవరికి నష్టం?"

'మ్యాచింగ్ నంబర్లు' అని ఒక మోజుంది. పుట్టినప్పటి ఇంజను పుట్టినప్పటి బండిలోనే ఉంటే దానికి ధర ఎక్కువ. ఇది అమెరికాలో ముదిరిన పిచ్చి. అక్కడ షెవర్లే కార్ల బ్లాకుల మీద పోత నంబరు చదవడం ఒక శాస్త్రమే అయింది. ఆ కంపెనీది 3970010 అని పేరుమోసిన పోత నంబరు ఒకటుంది. 1969 నుంచి దాదాపు పదేళ్ళు దాన్ని పోశారు. ఆ ఒక్క నంబరు బ్లాకులే మూడు వేర్వేరు సైజుల ఇంజన్లయ్యాయి. అంచేత నంబరు ఒక్కటీ చూసి ఇది ఫలానా గొప్ప ఇంజను అని డబ్బు కట్టినవాడు చాలాసార్లు మామూలు ఇంజనుని గొప్ప ధరకి ఇంటికి తోలుకుపోతాడు. తెలిసినవాళ్ళు దాని పక్కనే పోసిన తేదీ కూడా చూస్తారు. ఒక అక్షరం, రెండు మూడు అంకెలు. అక్షరం నెల, ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా. తరువాత రోజు, ఆఖరుది ఏడాది చివరి అంకె. అందులో ఓ చిన్న తర్కం ఉంది, నాకు భలే నచ్చింది. ముందు బ్లాకు పోస్తారు, తరువాత చెక్కుతారు, ఆ తరువాత ఇంజను కూరుస్తారు, ఆఖరున కారులో పెడతారు. కాబట్టి బ్లాకు పోసిన తేదీ కారు పుట్టిన తేదీకి ముందే ఉండాలి. కూతురు పుట్టాక తల్లి పుట్టిందని చెబితే ఎంత నమ్ముతామో, కారు తరువాత పోసిన బ్లాకుని కారుతో పుట్టిందంటే అంతే నమ్మాలి.

అంత శాస్త్రం ఉన్నచోటే అంత మోసమూ ఉంది. నంబరు గీకి కొత్తది గుద్దేవాళ్ళు అక్కడా ఉన్నారు. వాళ్ళని పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. కార్ఖానాలో ఆ చదును చోటుని కోసినప్పుడు సన్నటి సమాంతరపు గీతలు పడతాయి, చేతి గ్రైండరు పెడితే సుడులు సుడులుగా గీతలు పడతాయి. చూసే కన్నుంటే అది చాలు. గుద్దిన అంకె దెబ్బ ఇనుము పై పొరకే ఆగదు, లోపలికి దిగుతుంది. పై అంకెని అరగదీసినా నలిగిన లోహం కింద మిగులుతుంది. ఫోరెన్సిక్ లేబొరేటరీల్లో ఆమ్లం పూసి, అరగదీసిన అంకెల్ని మళ్ళీ పైకి తేల్చేది ఈ కిటుకుతోనే. దొంగబళ్ళు దొరికేదీ చాలావరకు అలాగే. "ఎవరికి నష్టం?" అని అడిగిన అన్నయ్యకి నేను చెప్పిన మొదటి జవాబు ఇది: రేపు ఆ బండిని ఏ పోలీసాయనో ఆపి చూస్తే, మా తాతగారు న్యాయంగా డబ్బిచ్చి కొన్న ఇంజను దొంగసొత్తులా కనబడుతుంది. దొంగతనం చెయ్యని ఇంటికి దొంగ ముద్ర మనమే కొట్టించుకోవడం అన్నమాట.

రెండో జవాబు మా అన్నయ్యకి నచ్చలేదు. మీకు నచ్చుతుందేమో చూడండి. ఆ బండి ఇంజను మారింది. మారకుండా ఎలా ఉంటుంది? అది అద్దాల గదిలో పెరిగిన బండి కాదు. చింతపండు బస్తాలు మోసింది. ఘాటీలో ఊపిరి ఆగితే తాతగారు ఇంకో గుండె తెచ్చి పెట్టారు, పెట్రోలు భరించలేక నాన్నగారు మూడోది పెట్టారు. ఏ మార్పూ సరదాకి చేసింది కాదు. ఎం.బి. నంబరు గుద్దేస్తే చెరిగిపోయేది జి.పి.డబ్ల్యు. అనే మూడక్షరాలు మాత్రమే అనుకుంటున్నారా? ఘాటీలో ఆగిపోయిన రాత్రి చెరిగిపోతుంది. లారీ చెరిగిపోతుంది. పెరట్లో మూడు రోజులు ఐదుగురికి వండి వార్చిన కొత్తకోడలు చెరిగిపోతుంది. ఇవన్నీ జరగని ఒక జీపుని, ఎన్నడూ పాడవని ఒక జీపుని మనం కొత్తగా సృష్టించి, తాతగారి పేరు చెప్పి అమ్ముతాం. ఆయన వేలంలో కొన్నారో లేదో నాకు తెలీదు గాని, మోసంలో అమ్మలేదు.

ఇక్కడ ప్రభుత్వం వారితో కూడా నాకో చిన్న పేచీ ఉంది. 2021 జులైలో పాతబళ్ళ రిజిస్ట్రేషనుకి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజి బళ్ళుగా గుర్తిస్తారు. కొత్తగా రిజిస్టరు చెయ్యడానికి 20,000 రూపాయలు, ఆ తరువాత మళ్ళీ చెయ్యడానికి 5,000. నంబరు పలకలో వి.ఎ. అనే అక్షరాలొస్తాయి. పదేళ్ళు చెల్లుతుంది. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, అద్దెకి అసలే తిప్పకూడదు. ఇంతవరకూ చక్కగా ఉంది, పాత బళ్ళన్నిటినీ తుక్కు కింద కొట్టకుండా దారి చూపినందుకు దండం పెట్టాలి. కాని బండి మొదటి రూపంలోనే ఉండాలి, చాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పేమీ జరగకూడదు అని కూడా ఉంది. మార్చి మార్చి బతికించుకున్న మన ఏజన్సీ బళ్ళ సంగతేమిటి? నిజం చెప్పినవాడి దరఖాస్తు ఆఫీసులో ఆగిపోతుందేమోనన్న భయం చాలు, నిన్నగాక మొన్న గుద్దించిన నంబరుతో పక్కవాడు నవ్వుతూ ముందుకు పోవడానికి. "ఇంజను మార్చాము. ఎప్పుడు, ఎందుకు, ఏది పెట్టాము" అని రాసుకోవడానికి ఆ ఫారంలో ఒక గడి పెడితే ఏం పోయింది? మన రేషను కార్డులోనే కోడలు వచ్చిన సంగతీ, కూతురు వెళ్ళిన సంగతీ రాసుకోవడానికి చోటుంటుంది కదా!

ఇవి మగవాళ్ళ సంగతులని పక్కన పెట్టకండి. బంగారం కొన్నప్పుడు హాల్‌మార్కు కోసం భూతద్దం అడిగేది మనమే. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాల గుర్తింపు నంబరు లేకుండా అమ్మకూడదని రూలొచ్చినప్పుడు, కొట్టువాడిచేత చదివించి మరీ కొన్నది మనమే. పాత ఉంగరం మీద కొత్త ముద్ర కొట్టిచ్చి, ఇది మీ నాయనమ్మదేనమ్మా అని అంటగడితే ఊరుకుంటామా? పెరట్లోని ఇనుమూ అంతే. రేపు మీ ఇంట్లో పాత అంబాసిడరో, ఫియట్టో, జీపో కాటాకెక్కే రోజొస్తే, కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఆగకండి. బ్లాకు దగ్గరికి వెళ్ళి, కిరసనాయిలు గుడ్డ వేసి, ఉబ్బెత్తు నంబరొకటి, గుద్దిన నంబరొకటి, రెండూ కాగితం మీద రాసుకోండి. ఫోటో తీసుకోండి. తరువాత ఇంట్లో పెద్దావిణ్ణి అడగండి. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు.

"అందరూ చేస్తున్నదే" అన్న మాటకి మాత్రం నేను జవాబు చెప్పలేదు. ఆ మాటకి మా అమ్మ చిన్నప్పుడు మా ఇద్దరికీ అట్లకాడతో జవాబు చెప్పేది, అన్నయ్యకి గుర్తుండాలి.

మధ్యవర్తిగారు మళ్ళీ ఫోను చేస్తే అన్నయ్య ఎత్తలేదు. అలాగని నాతోనూ సరిగా మాట్లాడటం లేదు. బాంబు కథ పోయినందుకు వాడి బాధ డబ్బు పోయినందుకు కన్నా ఎక్కువని నా అనుమానం. మనవడికి చెప్పడానికి దాచుకున్నాడు పాపం. సంక్రాంతి దాకా అమ్మకం మాట ఎత్తనన్నాడు. ఈలోగా ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కాగితం రాయమన్నాడు, ఎంతైనా రచయిత్రి చెల్లెలు ఉంది కదా. రాస్తున్నాను: చాసీ విల్లీస్‌ది. జాలీ తొమ్మిది చీలికలది. విడిగా ఉన్న పెట్రోలు బ్లాకు ఫోర్డుది, పోత నంబరు ఇది, గుద్దిన నంబరులో చదవడానికి వచ్చిన అంకెలు ఇవి, రానివి ఇన్ని. పుస్తకంలోని నంబరుతో కలవదు. ఇప్పుడు బండిలో ఉన్నది డీజిలు ఇంజను. బంపరు మీద సొట్ట చింతచెట్టుది.

అమ్మ పుదీనా వేళ్ళని చిల్లుపడిన బిందెలోకి మార్చి, చెయ్యి కడుక్కుని వచ్చి నా భుజం మీంచి చదివింది.

"ఆ మూడు రోజులూ వండింది నేనని కూడా రాయవే," అంది. "ఐదుగురికీ, రెండు రకాలుగా."

రాశాను.